నెల్లూరు, ఒంగోలు ఆకాశం నుంచి గెలాక్సీల్లోని ఎర్ర మేఘాలను ఫోటో తీయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"ఎం 33 అనే గెలాక్సీని తీశాం, బాగానే వచ్చింది. కానీ దాని సుడి చేతుల వెంబడి ఉండాల్సిన ఎర్రటి మేఘాలు మాత్రం రాలేదు. ఎందుకు?" నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కెమెరా, ట్రైపాడ్ వేసుకుని రాత్రుళ్లు తిరిగే వాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. ఎర్రగా వచ్చిన వాళ్లకు ఇంకో అనుమానం. వచ్చిన ఎరుపు నిజంగా మేఘానిదేనా, లేక సాఫ్ట్‌వేర్‌లో రంగు పెంచితే పుట్టిందా?

రెండిటికీ జవాబు ఒక్కటే. మేఘం వెలుగును నక్షత్రాల వెలుగు నుంచి విడదీయాలి. అందుకు ఖరీదైన సామాను కంటే సరైన నెల, సరైన చోటు, పనుల వరుస ముఖ్యం. పదో అంచె ఈ పని మొత్తానికి గుండెకాయ, దాన్ని దాటవేయకండి.

1. ఏం వెతుకుతున్నామో ముందు తెలుసుకోండి

సూర్యుడి కంటే 15 రెట్లు, ఇంకా ఎక్కువ బరువున్న నక్షత్రాల ఉపరితలం సుమారు 30,000 డిగ్రీలు, ఆపైన కాగుతూ ఉంటుంది. వాటి అతినీలలోహిత కాంతిలో 91.2 నానోమీటర్ల కంటే చిన్న తరంగాలు చుట్టూ మేఘంలా ఉన్న హైడ్రోజన్ వాయువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. ఆ ఎలక్ట్రాన్ మళ్లీ ప్రోటాన్‌తో కలిసి మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దిగినప్పుడు వచ్చే ఎర్రటి కాంతి 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దీన్నే హెచ్-ఆల్ఫా అంటాం. మన వేటంతా ఈ ఒక్క గీత కోసమే.

ఇంత బరువైన నక్షత్రాలు కొద్ది మిలియన్ల ఏళ్లకే అయిపోతాయి. సెకనుకు 10 కిలోమీటర్ల చొప్పున 50 లక్షల ఏళ్లు కదిలినా 170 కాంతి సంవత్సరాలకు మించి పోలేవు. గెలాక్సీ కొలతల్లో అది గడప దాటడం కూడా కాదు. అవి పుట్టేది చేతుల మీదే కాబట్టి ఈ మేఘాలు కూడా సర్పిలాకార చేతుల మీదే వరుసగా కనిపిస్తాయి, చేతుల మధ్య ఖాళీల్లో అరుదు. మీ ఫోటోలో ఎర్ర చుక్కలు గెలాక్సీ అంతటా సమానంగా చల్లినట్టు ఉంటే, వాటిలో చాలావరకు మేఘాలు కావని అప్పుడే అనుమానించాలి.

2. ఏ గెలాక్సీ, ఏ నెల

నెల్లూరు అక్షాంశం సుమారు 14.5 డిగ్రీలు, ఒంగోలుది 15.5. ఇక్కడి నుంచి ఉత్తరపు గెలాక్సీలూ దక్షిణపు గెలాక్సీలూ రెండూ అందుతాయి. కింద ఇచ్చిన ఎత్తులు నెల్లూరుకు సరిపోయేవి. ఒంగోలులో ఉత్తరపువి ఒక డిగ్రీ ఎక్కువ, దక్షిణపువి ఒక డిగ్రీ తక్కువ.

- ఎం 33: దూరం సుమారు 27 లక్షల కాంతి సంవత్సరాలు. నడినెత్తికి దగ్గరగా 74 డిగ్రీల దాకా వస్తుంది. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి ఆఖరు వరకు సాయంత్రాలు అనుకూలం.
- ఎం 101: దూరం సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాలు. ఉత్తరాన 50 డిగ్రీల దాకా వస్తుంది. మార్చిలో అర్ధరాత్రి తర్వాత, ఏప్రిల్‌లో అర్ధరాత్రికి అటూ ఇటూ.
- ఎం 51: ఉత్తరాన 57 డిగ్రీలు. ఎం 101 కాలమే దీనికీ.
- ఎం 83: దూరం సుమారు 1.5 కోట్ల కాంతి సంవత్సరాలు. దక్షిణాన 45 డిగ్రీల దాకా వస్తుంది. మార్చి, ఏప్రిల్.

మొదటిసారి అయితే ఎం 33 తప్ప ఇంకోటి ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. అందులోని ఎన్‌జీసీ 604 అనే మేఘం ఒక్కటే దాదాపు 1,500 కాంతి సంవత్సరాల వెడల్పు ఉంటుంది. దాన్ని 200కి పైగా వేడి, బరువైన నక్షత్రాలు వెలిగిస్తున్నాయి. మామూలు లెన్సుతో కూడా అది చుక్కలా కాక మచ్చలా వస్తుంది.

పెద్ద మెగెల్లానిక్ మేఘం అనే పక్క గెలాక్సీలోని టరంటులా అనే ఎర్ర మేఘం గురించి కూడా అడుగుతుంటారు. అది ఇక్కడ ఎంత పైకి వచ్చినా ఆరున్నర డిగ్రీలు దాటదు. తీరపు తేమలో ఆ ఎత్తున చేసే శ్రమ వృథా.

ఎం 33ని పట్టుకోవడానికి త్రికోణ మండలం కొనలో ఉన్న నక్షత్రం నుంచి మిరాక్ అనే నక్షత్రం వైపు సుమారు 4 డిగ్రీలు జరగండి. అశ్విని తెలిసినవాళ్లు అక్కడి నుంచి కాస్త ఉత్తరానికి వెళితే త్రికోణం దొరుకుతుంది. ఎం 101కి సప్తర్షుల తోక చాలు. వశిష్ఠుడు, మరీచి, ఎం 101 దాదాపు సమబాహు త్రిభుజం. మరీచికి మూడున్నర డిగ్రీల దూరంలో ఎం 51. ఎం 83 చిత్త నక్షత్రానికి సుమారు 19 డిగ్రీలు దక్షిణంగా ఉంటుంది.

3. రాత్రిని ఎంచుకోవడం

ఎం 33 అర్ధరాత్రి నెత్తిన ఉండేది అక్టోబరు నడుమ. పుస్తకాలన్నీ ఆ నెలే చెబుతాయి. కానీ మనకు ఈశాన్య రుతుపవనాలు దిగేదీ అప్పుడే. అక్టోబరు, నవంబరు మీద ఆశ పెట్టుకుంటే ఏడాది పోతుంది. డిసెంబరు నడుమ ఎం 33 రాత్రి 8 గంటల ప్రాంతంలో నెత్తిన ఉంటుంది, 7 గంటలకే పూర్తి చీకటి పడుతుంది. అర్ధరాత్రి దాటేవరకు అది 30 డిగ్రీల పైనే ఉంటుంది కాబట్టి చేతిలో దాదాపు అయిదు గంటలు. జనవరి ఆఖరుకు అవి రెండు గంటలకు కుదించుకుపోతాయి.

చంద్రుడి కోసం యాప్ కంటే గోడ మీది పంచాంగమే త్వరగా తేల్చేస్తుంది:

- ఎం 33 లాంటి సాయంత్రపు గెలాక్సీలకు బహుళ సప్తమి నుంచి శుద్ధ తదియ వరకు.
- ఎం 101 లాంటి అర్ధరాత్రి తర్వాతి గెలాక్సీలకు బహుళ పక్షం ఆఖరి రోజులతో పాటు శుద్ధ అష్టమి దాకా కూడా పనికొస్తాయి. అప్పటికి చంద్రుడు అర్ధరాత్రికి అస్తమిస్తాడు.

బంగాళాఖాతంలో వాయుగుండం వార్త వస్తే ప్రయాణం మానుకోండి. అది తీరం దాటి, వాన కడిగాక వచ్చే రెండు మూడు రాత్రులు మాత్రం వదలొద్దు. గాల్లో దుమ్ము ఉండదు. భోగి రోజు, దాని మర్నాడు పొగ నేలబారున నిలుస్తుంది, ఆ రెండు రోజులు ఇంట్లో అందరితో పండగ చేసుకోవడమే మంచిది. మార్చి, ఏప్రిల్‌లో వరి కోతలు జరిగే చోట నూర్పిడి దుమ్ము, గడ్డి కాల్చే పొగ ఉంటాయి. ఆ పొలాలకు గాలి వాలున కూర్చోకండి.

4. చోటును ఎంచుకోవడం

గెలాక్సీ ఎటు దిగుతుందో చూసి చోటు ఎంచుకోవాలి. చాలామంది అలవాటుగా మైపాడు బీచికో కొత్తపట్నం బీచికో వెళ్లిపోతారు. సముద్రం తూర్పున ఉంది, ఊరి వెలుగు పడమరన ఉంది. జనవరిలో ఎం 33 దిగేది పడమరకే, అంటే సరిగ్గా నెల్లూరు, ఒంగోలు వెలుగులోకే. పైగా తీరం వెంట రొయ్యల చెరువుల లైట్లు తెల్లవార్లూ వెలుగుతాయి.

ఎం 33 కోసం పడమటి మెట్ట ప్రాంతానికి వెళ్లండి. నెల్లూరు నుంచి అయితే ఉదయగిరి వైపు, సోమశిల దాటిన పల్లెలు. ఒంగోలు నుంచి అయితే కనిగిరి, పామూరు వైపు. అక్కడ ఊరి వెలుగు వెనక తూర్పున ఉండిపోతుంది, మన గెలాక్సీ చీకటి కొండల వైపు దిగుతుంది. చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీల లైట్లు ఉంటాయి కాబట్టి వాటికి దూరంగా జరగండి.

బీచి పనికొచ్చేది ఎం 83కి. అది ఆగ్నేయం నుంచి సముద్రం మీదుగా లేస్తుంది, పడవల దీపాలు తప్ప అటు అడ్డు లేదు.

బయల్దేరే ముందు:

- ☐ ఉత్తరం దిక్కు 15 డిగ్రీల ఎత్తు వరకు చెట్లు, కొండ అడ్డు లేకుండా ఉందా? పగలే చూసుకోండి.
- ☐ పొలం ఆసామికి, దగ్గరి ఊళ్లో ఒకరిద్దరికి ముందే చెప్పారా? చీకట్లో ట్యూబులాంటి సామాను కనిపిస్తే ఎవరికైనా టెన్షనే.
- ☐ డ్యామ్ కట్ట, రిజర్వు ఫారెస్ట్ అయితే అనుమతి ఉందా? లేకపోతే అక్కడికి వెళ్లొద్దు.
- ☐ ఒంటరిగా కాకుండా కనీసం ఇద్దరు ఉన్నారా? బూట్లు, టార్చి ఉన్నాయా? రాళ్ల సందుల్లో పాములుంటాయి.

5. సామాను

- ☐ 200 నుంచి 600 మిల్లీమీటర్ల ఫోకల్ దూరం ఉన్న లెన్సు లేదా చిన్న టెలిస్కోపు.
- ☐ తిరిగే ఆకాశాన్ని అనుసరించే మౌంటు. 400 మిల్లీమీటర్లు దాటితే ఆటోగైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంటును తనంతట తానే సరిచేసే ఏర్పాటు) ఉండాల్సిందే.
- ☐ కెమెరా. మామూలు డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ ముందుండే ఫిల్టరు హెచ్-ఆల్ఫాలో దాదాపు నాలుగో వంతే లోపలికి వదులుతుంది. మీ ఫోటోల్లో ఎరుపు రాకపోవడానికి మొదటి కారణం ఇదే. ఆ ఫిల్టరు మార్పించిన కెమెరా లేదా ఆస్ట్రానమీ కెమెరా ఉంటే మేలు. లేకపోతే నాలుగు రెట్లు ఎక్కువ సేపు తీయడానికి సిద్ధపడండి.
- ☐ హెచ్-ఆల్ఫా ఫిల్టరు, లేదా కలర్ కెమెరాకు హెచ్-ఆల్ఫా, ఆక్సిజన్ రెండూ వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టరు.
- ☐ లెన్సు చుట్టూ కట్టే డ్యూ హీటర్ పట్టీ, 12 వోల్టుల బ్యాటరీ.
- ☐ గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ సంచులు. ఉప్పు గాలి తగిలిన సామాను ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి అందులో పెట్టాలి. తడిసిన లెన్సు అద్దాన్ని మాత్రం గుడ్డతో రుద్దొద్దు, వెచ్చగా ఆరనివ్వాలి.

ఫిల్టరు కొనేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. గెలాక్సీ మన నుంచి దూరంగా పోతుంటే దాని హెచ్-ఆల్ఫా గీత కాస్త జరుగుతుంది. ఎంత జరుగుతుందో తెలియడానికి 656.3ని గెలాక్సీ వేగంతో గుణించి 3,00,000తో (సెకనుకు కిలోమీటర్లలో కాంతి వేగం) భాగించండి. ఎం 33 మన వైపే సెకనుకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, జరుగుడు 0.4 నానోమీటర్లు. ఎం 101 సుమారు 240 కిలోమీటర్లతో దూరమవుతోంది, 0.5 నానోమీటర్లు. ఎం 83కి 1.1. ఇవన్నీ 3 నానోమీటర్ల వెడల్పు మాత్రమే వదిలే ఫిల్టరులో కూడా దూరతాయి. కన్యా రాశి గెలాక్సీల సమూహంలోని ఎం 100 వేగం 1,570 కిలోమీటర్లు, జరుగుడు 3.4 నానోమీటర్లు. 3 నానోమీటర్ల ఫిల్టరు మధ్య గీత నుంచి అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర మాత్రమే వదులుతుంది. కాబట్టి ఎం 100 మేఘాలు అందులో అసలు కనిపించవు, రాత్రంతా తీసినా సరే. ఎఫ్ 2, ఎఫ్ 3 లాంటి వెడల్పాటి లెన్సుల్లో ఫిల్టరు వదిలే భాగం ఇంకా నీలం వైపు జరిగి పరిస్థితి మరింత చెడుతుంది. గెలాక్సీల కోసమే కొనేవాళ్లకు 6, 7 నానోమీటర్ల ఫిల్టరే నా సలహా.

6. మౌంటు నిలబెట్టడం

మన ధ్రువ నక్షత్రం పద్నాలుగు, పదిహేను డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పరదేశీ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు తడబడేది ఇక్కడే.

కొన్ని మౌంట్లు ఇంత కిందికి వంగవు, కొనే ముందే అడగండి. వంగినవాటిలో బరువు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగిలే ప్రమాదం ఉంది. చిన్న బరువును కడ్డీ చివర పెట్టడం కంటే, పెద్ద బరువును పైకి దగ్గరగా పెట్టండి. ట్రైపాడ్ ఒక కాలు ఉత్తరం వైపు ఉంచితే ముందుకు తూలదు. కెమెరా తగిలించాక, ఫ్రేములు మొదలుపెట్టే ముందే, మౌంటును చేత్తో పూర్తిగా తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోండి.

ధ్రువుడు నేలబారు మసకలో కనబడకపోతే, ఎత్తులో ఉన్న నక్షత్రాల ఫోటోలతో అలైన్ చేసే సాఫ్ట్‌వేర్ పద్ధతి వాడండి.

7. ముందు కంటితో చూడండి

తోడుగా 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంటే అయిదు నిమిషాలు దీనికి ఇవ్వండి. ఎం 33 మధ్య భాగం నుంచి ఈశాన్యంగా సుమారు 12 ఆర్క్ నిమిషాల (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) దూరంలో ఒక చిన్న మసక ముద్ద ఉంటుంది, అదే ఎన్‌జీసీ 604. నేరుగా కాకుండా క్రీగంట చూడండి. యూహెచ్‌సీ (మేఘాల గీతలను మాత్రమే వదిలే ఫిల్టరు) లేదా ఆక్సిజన్ ఫిల్టరు పెడితే గెలాక్సీ మసకబారుతుంది, ముద్ద మాత్రం అలాగే నిలబడుతుంది. కెమెరాతో మనం చేయబోయే పని కూడా సరిగ్గా ఇదే. ఎరుపు మాత్రం కంటికి కనబడదు, ఇంత తక్కువ వెలుగులో మన కన్ను రంగు పట్టలేదు.

8. ఫ్రేములు తీసే వరుస

1. ఫిల్టరు లేకుండా ఫోకస్ చేసి, మామూలు రంగు ఫ్రేములు ముందు తీయండి. గెలాక్సీ ఎత్తులో ఉన్న సమయం వీటికే ఇవ్వాలి, ఎందుకంటే ఊరి వెలుగు ఎక్కువగా చెడగొట్టేది వీటినే. ఒక్కోటి 60 నుంచి 120 సెకన్లు, మొత్తం రెండు గంటలు.
2. ఫిల్టరు పెట్టండి. మళ్లీ ఫోకస్ చేయండి. ఫిల్టరు మందం వల్ల ఫోకస్ జరుగుతుంది.
3. హెచ్-ఆల్ఫా ఫ్రేములు ఒక్కోటి 300 సెకన్లు, మొత్తం మూడు నాలుగు గంటలు. ఒక రాత్రికి కుదరకపోతే మర్నాడు కలపండి.
4. ప్రతి కొన్ని ఫ్రేములకు ఒకసారి కెమెరాను కొద్ది పిక్సెళ్లు పక్కకు జరపండి. లేకపోతే వేడెక్కిన పిక్సెళ్లు ఎర్ర చుక్కలుగా మిగిలి మేఘాల్లా మోసం చేస్తాయి.
5. మూత పెట్టి డార్క్ ఫ్రేములు (సెన్సర్ సొంత మచ్చలను తర్వాత తీసివేయడానికి). కూలింగ్ లేని కెమెరాతో వీటిని అదే రాత్రి, అదే చోట తీయాలి. ఇంటికొచ్చి ఏసీ గదిలో తీసినవి పనికిరావు.
6. ఫ్లాట్ ఫ్రేములు. లెన్సు మీద తెల్ల పంచె ముడతలు లేకుండా బిగించి తెల్లవారు ఆకాశం వైపు తిప్పండి. ఫిల్టరుతో ఒక సెట్టు, లేకుండా ఒక సెట్టు.

ఆరో పని బద్ధకించేవాళ్లే ఎక్కువ. ఫ్లాట్లు లేకపోతే సెన్సర్ మీది దుమ్ము రేణువుల గుండ్రటి నీడలు పదో అంచెలో పైకి తేలతాయి, ఏది మేఘమో ఏది దుమ్మో చెప్పలేరు.

9. కలపడం

ఉచితంగా దొరికే సిరిల్ అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. రంగు ఫ్రేములు విడిగా, హెచ్-ఆల్ఫా ఫ్రేములు విడిగా స్టాక్ చేయండి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే ఫోటోగా కలపండి. తర్వాత రెండు ఫలితాలనూ ఒకదానితో ఒకటి అలైన్ చేసి ఒకే సైజుకు తెచ్చుకోండి. రెండిటిలోనూ నేపథ్యపు వెలుగు వాలు (ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా ఉండే ఆకాశపు వెలుగు) తీసేయండి. కలర్ కెమెరా, డ్యూయల్ బ్యాండ్ ఫిల్టరు వాడితే, ఫిల్టరు ఫోటోలోని ఎరుపు చానెలే మీ హెచ్-ఆల్ఫా.

ఇక్కడ ఆగండి. స్ట్రెచ్ చేయొద్దు, అంటే మసక భాగాలు కనిపించేలా వెలుగును సాగదీయొద్దు. ఫోటో నల్లగా కనిపిస్తుంది, అలాగే ఉండనివ్వండి.

10. నక్షత్రాల వెలుగును తీసివేయడం

హెచ్-ఆల్ఫా ఫిల్టరు మేఘం గీతను మాత్రమే వదులుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ 7 నానోమీటర్ల సందులోంచి ప్రతి నక్షత్రం వెలుగూ కొంత వస్తుంది, గెలాక్సీ మధ్యలోని ముసలి నక్షత్రాలది కూడా. కాబట్టి ఫిల్టరు ఫోటోలో వెలుగుతున్నదంతా వాయువు కాదు. వడ్లలోంచి తాలు చెరిగినట్టు ఆ నక్షత్రాల వాటాను చెరిగేయాలి.

నక్షత్రాల వాటా ఎంతో మనకు మామూలు ఎరుపు చానెల్ చెబుతుంది. సూత్రం ఇది:

మేఘం = హెచ్-ఆల్ఫా − కె × (ఎరుపు − ఎరుపు నేపథ్యం)

ఇందులో "కె" విలువ కనుక్కోవడమే అసలు పని.

1. మరీ మెరిసేవి, మరీ మసకవి వదిలేసి, గెలాక్సీ బయట ఉన్న పది పదిహేను మధ్యరకం నక్షత్రాలను ఎంచుకోండి. ఇవి మన పాలపుంత నక్షత్రాలు, వీటి చుట్టూ మేఘం ఉండదు.
2. ఒక్కో నక్షత్రం వెలుగును రెండు ఫోటోల్లోనూ కొలవండి. ఉదాహరణకు హెచ్-ఆల్ఫాలో 1,400, ఎరుపులో 20,000 వస్తే నిష్పత్తి 0.07.
3. అన్ని నిష్పత్తులనూ వరుసలో పేర్చి నడిమి విలువ తీసుకోండి. సగటు వద్దు. ఒక్క బాగా ఎర్రటి నక్షత్రం సగటును లాగేస్తుంది.
4. ఆ విలువతో సిరిల్‌లోని పిక్సెల్ మ్యాథ్‌లో తీసివేయండి.
5. ఫలితాన్ని చూపు కోసం మాత్రమే స్ట్రెచ్ చేసి మూడు చోట్ల చూడండి: గెలాక్సీ బయటి నక్షత్రాలు దాదాపు మాయమయ్యాయా? గెలాక్సీ మధ్య భాగం నేపథ్యంతో కలిసిపోయిందా? చేతుల మీద ముద్దలు మిగిలాయా?

మధ్య భాగం నల్ల గుంటలా ఉంటే "కె" ఎక్కువైంది. మెరుస్తూ ఉంటే తక్కువైంది. కొద్దికొద్దిగా, వందో వంతు కంటే తక్కువ మార్పులతో సర్దండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. సరైన విలువ దగ్గరికి రాగానే గెలాక్సీ మసక అంతా జారిపోయి, ఎన్‌జీసీ 604, మధ్య నుంచి పడమరగా సుమారు 4 ఆర్క్ నిమిషాల దూరంలో ఎన్‌జీసీ 595, ఇంకా బయట 592, 588 ఒక్కొక్కటిగా తేలతాయి. పెద్ద మేఘాల అంచుల్లో పొరలు, ఖాళీ బుడగలు కనిపిస్తే మీ తీసివేత బాగా కుదిరినట్టే.

ఎరుపు చానెల్‌లో కూడా కొంత హెచ్-ఆల్ఫా ఉంటుంది కాబట్టి మేఘం వెలుగులోనూ నూటికి ఏడెనిమిది వంతులు పోతాయి. ఫోటోకు అది లెక్కలోకి రాదు. కొలతలు ప్రచురించాలనుకునేవాళ్లు సరిచేసుకోవాలి.

ఆ తర్వాతి వరుస: ముందు రంగు ఫోటోను కలర్ కాలిబ్రేట్ చేయండి (నక్షత్రాల అసలు రంగులకు సరిపోయేలా రంగులు సర్దడం), తర్వాతే మేఘం పొరను ఎరుపుకు కలపండి, అన్నిటికంటే చివర స్ట్రెచ్ చేయండి. కాలిబ్రేషన్ కంటే ముందు కలిపితే సాఫ్ట్‌వేర్ ఆ ఎరుపును తప్పనుకుని తగ్గించేస్తుంది.

రంగు గురించి నా అభిప్రాయం కూడా చెప్పాలి. ఈ మేఘాలు నిజానికి నెత్తురు ఎరుపు కావు, గులాబీ వైపు ఉంటాయి. హెచ్-ఆల్ఫాతో పాటు 486.1 నానోమీటర్ల దగ్గర హెచ్-బీటా కూడా వస్తుంది, దుమ్ము అడ్డు లేకపోతే హెచ్-ఆల్ఫా దానికి 2.86 రెట్లు. మేఘం పొరలో ఆరో వంతో అయిదో వంతో నీలం చానెల్‌కూ కలిపితే రంగు సహజంగా కుదురుతుంది.

11. తరచూ జరిగే తప్పులు, వాటి మందు

- ప్రతి నక్షత్రం చుట్టూ నల్లటి ఉంగరం: రెండు ఫోటోల్లో నక్షత్రాల సైజు వేరు. పదునుగా ఉన్న ఫోటోను కాస్త బ్లర్ చేసి సైజులు కలపండి, మళ్లీ తీసివేయండి.
- నక్షత్రం ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు: అలైన్‌మెంట్ కుదరలేదు. తొమ్మిదో అంచెకు వెళ్లండి.
- పెద్ద నక్షత్రాలు పోవడం లేదు: అవి సెన్సర్‌లో నిండిపోయాయి. "కె" పెంచి వాటిని పోగొట్టాలని చూడొద్దు, మాస్క్ వేసి వదిలేయండి.
- తీసివేత ఎలా చేసినా కుదరడం లేదు: స్ట్రెచ్ చేసిన ఫోటోల మీద చేస్తున్నారు. ఎక్కువ మందిది ఇదే సమస్య.
- ఒకే వాలులో ఎర్ర చారలు: ఫ్రేముల మధ్య కెమెరాను జరపలేదు. సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా పోవు, మళ్లీ తీయాలి.
- రాత్రి సగంలో నక్షత్రాలు ఉబ్బిపోయాయి: లెన్సు మీద మంచు. హీటర్‌ను మొదటి ఫ్రేము కంటే ముందే వేయండి, మంచు పట్టాక కాదు.

12. దొరికినదాన్ని తేల్చుకోవడం, కొలవడం

మిగిలిన ప్రతి ముద్దా నక్షత్రాలు పుట్టే మేఘం కాదు. పేలిపోయిన నక్షత్రం అవశేషం కూడా హెచ్-ఆల్ఫాలో వెలుగుతుంది. సల్ఫర్ ఫిల్టరు ఉంటే తేడా తెలుస్తుంది. 671.6, 673.1 నానోమీటర్ల సల్ఫర్ గీతల వెలుగు హెచ్-ఆల్ఫాలో 0.4 వంతు దాటితే అది పేలుడు అవశేషం కావచ్చని ఖగోళ శాస్త్రవేత్తలు లెక్కగడతారు. ఇంకో సంగతి, 7 నానోమీటర్ల ఫిల్టరులో పక్కనే ఉన్న నైట్రోజన్ గీతలు 654.8, 658.4 కూడా దూరతాయి. అందుకని మీ కొలతను "హెచ్-ఆల్ఫా, నైట్రోజన్ కలిపి" అని రాసుకోవడం నిజాయితీ.

సైజు కొలవడం తేలిక. పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ దూరం మిల్లీమీటర్లతో భాగిస్తే ఒక పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్ సెకన్లో (ఆర్క్ నిమిషంలో 60వ వంతు) వస్తుంది. 3.76 మైక్రాన్లు, 400 మిల్లీమీటర్లు అయితే 1.94. ఎం 33 దూరంలో ఒక ఆర్క్ సెకను సుమారు 13 కాంతి సంవత్సరాలు. అంటే ఎన్‌జీసీ 604 మీ ఫోటోలో సుమారు 59 పిక్సెళ్ల దాకా పరుచుకోవాలి. అందులో సగమే వస్తే బయటి పలుచని పొరలు పట్టేంత సేపు మీరు తీయలేదన్నమాట. ఎం 101 దూరంలో అదే ఆర్క్ సెకను 100 కాంతి సంవత్సరాలు, అందుకే దాని మేఘాలు మూడు నాలుగు పిక్సెళ్లకు మించవు. ఎన్‌జీసీ 5461, 5462, 5471 లాంటి భారీవే కాస్త ఆకారంతో కనిపిస్తాయి.

ఎం 51 తీసినవాళ్లు ఒక పరీక్ష చేయండి. చేయి లోపలి అంచున నల్లటి దుమ్ము చార, దానికి ఆనుకుని ఎర్ర ముద్దలు, వాటి బయట నీలి నక్షత్రాలు. ఈ వరుస మీ ఫోటోలో కనిపించాలి. వాయువు చేతిలోకి దూరి నలిగి, నక్షత్రాలు పుట్టి, అవి చుట్టూ ఉన్నదాన్ని వెలిగించిన క్రమమే అది.

13. టెలిస్కోపు లేనివాళ్లకు, ఉన్నవాళ్లకు తర్వాతి పని

2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్వీ సీ30 రాకెట్ ఆస్ట్రోశాట్ ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్లింది. అందులోని యూవీఐటీ టెలిస్కోపు గెలాక్సీలను అతినీలలోహితంలో ఫోటో తీసింది, ఎం 33ని కూడా. ఇస్రో డేటా కేంద్రం సైటులో రిజిస్టర్ చేసుకుంటే గడువు దాటిన పరిశీలనల డేటా ఉచితంగా దిగుతుంది. కాలేజీ పిల్లలకు ల్యాప్‌టాప్ ఉంటే చాలు.

మీ మేఘం పొరను, ఆ అతినీలలోహిత ఫోటోను ఒకదాని మీద ఒకటి పెట్టండి. హెచ్-ఆల్ఫా చూపేది గత కోటి ఏళ్ల లోపు పుట్టిన బరువైన నక్షత్రాలను. అతినీలలోహితం దాదాపు 10 కోట్ల ఏళ్ల వరకు వెనక్కి చూపుతుంది.

- ☐ రెండిటిలోనూ మెరిసే చోట్లు: ఇప్పుడు పుట్టుక జోరుగా సాగుతున్నవి.
- ☐ అతినీలలోహితంలో మెరిసి హెచ్-ఆల్ఫాలో ఖాళీగా ఉన్నవి: బరువైనవి చనిపోయి, వాయువు చెదిరిపోయినవి.
- ☐ హెచ్-ఆల్ఫాలో మెరిసి అతినీలలోహితంలో మసకగా ఉన్నవి: దుమ్ము ముసుగులో ఉన్న పిల్ల గుంపులు కావచ్చు.

ప్రతి ముద్దకూ ఒక నంబరు, గెలాక్సీ మధ్య నుంచి దూరం, దిక్కు, పిక్సెళ్లలో సైజు, పై మూడింటిలో ఏ రకమో ఒక పట్టికలో రాసుకోండి. "కె" విలువ, ఫిల్టరు వెడల్పు, తేదీ కూడా అదే పట్టిక పైన ఉండాలి. వచ్చే డిసెంబరులో మళ్లీ తీసినప్పుడు పోల్చుకోవడానికి అవి లేకపోతే పట్టిక అక్కరకు రాదు.